సిద్దిపేట రైలు, మాసాయిపేట గేటు: సిగ్నల్ చెప్పే చరిత్ర

2023 అక్టోబర్ 3న మన సిద్దిపేటకు రైలొచ్చింది. తొగుటోళ్లకు దుద్దెడ స్టేషన్ దగ్గరే. కానీ అది సింగిల్ లైన్. ఎదురుగా ఇంకో బండి రాకుండా ఆపేది ఏంటి? ఈ ఎపిసోడ్‌లో అదే చూద్దాం.

పాతరోజుల్లో సింగిల్ లైన్ మీద టోకెన్ ఉండేది. అదొక ఉక్కు గుండు. పక్క స్టేషన్ ఒప్పుకుంటేనే మెషిన్‌లోంచి బయటికొస్తది. అది చేతికొస్తేనే డ్రైవర్ బండి తీయాలి. ఒకటి బయట ఉన్నంతసేపు రెండు స్టేషన్లలోనూ ఇంకోటి రాదు. అంటే మనిషి మర్చిపోయినా మెషిన్ మర్చిపోదు. సిగ్నలింగ్ అంతా ఈ ఆలోచన మీదే నడుస్తది.

ఇంటర్‌లాకింగ్ ఉన్న గేటూ అంతే. గేటు పడితేనే సిగ్నల్ మారుతది. మరి గేటే లేని చోట? 2014 జూలై 24న మాసాయిపేటలో, కాపలా లేని క్రాసింగ్ మీద, స్కూల్ బస్సును ప్యాసింజర్ రైలు ఢీకొట్టింది. పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. అప్పుడు తొగుట, మాసాయిపేట రెండూ మెదక్ జిల్లాలోనివే. అక్కడ మర్చిపోని మెషిన్ లేదు. అంతా బస్సు డ్రైవర్ చూపు మీదే ఆధారపడింది. 2019 జనవరి చివరికి దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అలాంటి క్రాసింగులు లేకుండా చేశారు.

2022 మార్చి 4న గుల్లగూడ–చిట్టిగిద్ద మధ్య రెండు రైళ్లను ఎదురెదురుగా నడిపి 'కవచ్'ను పరీక్షించారు. ఇంకా 380 మీటర్ల దూరం ఉండగానే ఇంజిన్ తనంతట తానే ఆగింది.

సో ఫ్రెండ్స్, గేటు పడ్డాక కింది నుంచి బైక్ దూర్చకండి. ఆ గేటు ఊరికే రాలేదు. మళ్లీ కలుద్దాం.