కానరాని గాయము: మెదడు అదురు చరిత్ర

తలకు దెబ్బ తగిలి నెత్తురు కారినచో ఇంటిల్లిపాదియు కలవరపడుదురు. పసుపు అద్దుదురు, గుడ్డ కట్టుదురు, వైద్యుని యొద్దకు పరుగెత్తుదురు. నెత్తురు రానిచో గండము గడిచినదని నిట్టూర్చి, ఒక గ్రుక్కెడు మంచినీళ్లు త్రాగించి, ఎవరి పనిలో వారు మునుగుదురు. కాని తల విషయమున ఈ లెక్క తప్పవచ్చును. చర్మము చిట్లక, ఎముక విరుగక, లోనున్న మెదడు మాత్రము అదరి, కొంతకాలము తన పని తాను సరిగా చేయలేని స్థితి యొకటి కలదు. దీనినే వైద్యులు కంకషన్ అందురు. మనము మెదడు అదురు అనుకొందము. కంటికి కానరాని ఈ గాయమును అర్థము చేసికొనుటకు మానవుడు మూడున్నర వేల సంవత్సరములకు పైగా శ్రమించెను. ఆ శ్రమ కథయే ఈ ప్రసంగమునకు విషయము.

1862లో ఈజిప్టులోని లక్సర్ నగరమున ఎడ్విన్ స్మిత్ అను అమెరికా దేశీయుడు ఒక పాత పపైరస్ చుట్టను కొనెను. దానిలోని విషయము 1930లో జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ అను పండితుని అనువాదముతో లోకమునకు తెలిసినది. అది క్రీస్తుకు పూర్వము 1600 ప్రాంతమున వ్రాయబడిన ప్రతి. మూలము అంతకన్నను పురాతనమైనది. అందు 48 గాయముల వివరములు కలవు. మొదటి 27 గాయములును తలకు సంబంధించినవే. ఆ గ్రంథమున మంత్రతంత్రములు చాల తక్కువ; పరీక్ష చాల ఎక్కువ. గాయమును చూడుము, వ్రేలితో తాకుము, రోగి మాటాడుచున్నాడా, మెడ త్రిప్పగలడా అని గమనింపుము అను రీతిని అది సాగును. పిమ్మట వైద్యుడు మూడు తీర్పులలో ఒకటి చెప్పవలెను: ఇది నేను నయము చేయగలను, దీనితో పోరాడి చూచెదను, ఇది చికిత్సకు లొంగదు. కొన్ని గాయములకు, రోగికి అలవాటైన ఆహారమునే ఇచ్చుచు, మార్పు తెలియువరకు కనిపెట్టి యుండవలెనని కూడ అందు కలదు. ఈ కనిపెట్టి యుండుటయే నేటికిని తల దెబ్బల చికిత్సకు మూలకందము.

మన దేశపు ప్రాచీన శస్త్రవైద్య గ్రంథమగు సుశ్రుత సంహిత శరీరమున 107 మర్మస్థానములను లెక్కించెను. అందు 37 మెడ పైభాగముననే యున్నవి. మర్మమునకు దెబ్బ తగిలినచో కలుగు ఫలమునుబట్టి వానిని ఐదు తరగతులుగా విభజించెను. తత్‌క్షణము ప్రాణము తీయునవి కొన్ని. కాలాంతరమున తీయునవి కొన్ని. పుఱ్ఱె యెముకలు కలియు అతుకులను సీమంతములని పేర్కొని, వానిని ఈ రెండవ తరగతిలో చేర్చెను. అచ్చట దెబ్బ తగిలినవానికి ఉన్మాదము, భయము, మతి తప్పుట కలిగి, వానివలన మరణము సంభవించునని చెప్పెను. మన ఊళ్లలో నేటికిని "మర్మస్థానమున తగిలినది" అను మాట వినబడుచునే యున్నది. దెబ్బ నేడు తగిలి కీడు రేపు తోచవచ్చునను జ్ఞానము ఆ మాట వెనుక కలదు.

గ్రీసు దేశమున హిపోక్రటీసు పేరిట వచ్చిన సూత్రములలో, మెదడు అదిరినవారికి వెంటనే మాట పడిపోవునని యున్నది. కాని ఆ కాలమువారు అదురును, ఎముక విరుగుటను, లోపలి గాయమును విడదీసి చూడలేదు. ఆ భేదమును స్పష్టముగా గ్రహించినవారిలో మొదటివాడు, రే నగరమునను బాగ్దాదునను వైద్యము చేసి 10వ శతాబ్ది తొలిపాదమున మరణించిన అల్ రాజీ అని చరిత్రకారులు చెప్పుదురు. పెద్ద గాయమేదియు లేకయే మెదడు పని తాత్కాలికముగా చెడవచ్చునని ఆయన గుర్తించెను. తరువాత మిలాన్ నగరమును విడిచి పారిస్ చేరిన లాన్‌ఫ్రాంక్ అను శస్త్రవైద్యుడు, 1296లో ముగించిన తన గ్రంథమున, అదురువలన కలుగు లక్షణములు త్వరలోనే తొలగిపోవచ్చునని వ్రాసెను. పుఱ్ఱె విరుగకున్నను మెదడు దెబ్బతినవచ్చునను భావము అట్లు స్థిరపడెను.

ఈ విషయమును లోకమునకు చాటినది ఒక రాజు మరణము. 1559 జూన్ 30వ తేదీన పారిస్ నగరమున రాజకుటుంబపు వివాహోత్సవములు జరుగుచుండెను. ఫ్రాన్సు రాజు రెండవ హెన్రీ గుఱ్ఱమునెక్కి బల్లెపు పోటీలో పాల్గొనెను. ప్రత్యర్థి బల్లెము విరిగి, దాని పేళ్లు రాజు కుడికంటి పైభాగమున గ్రుచ్చుకొనెను. ఆంబ్రోజ్ పారే, బ్రస్సెల్సునుండి వచ్చిన వెసాలియస్, ఇరువురును ఆ శతాబ్దపు మహావైద్యులు, రాజు శయ్యచెంత నిలిచిరి. అయినను జూలై 10న రాజు మరణించెను. శవపరీక్షలో వారు చూచినది విచిత్రము. పుఱ్ఱె విరుగలేదు. దెబ్బ ముందువైపు తగులగా, నెత్తురు గూడుకట్టి మెదడు చెడియున్నది తల వెనుకవైపున. ముందు తగిలిన దెబ్బ లోనున్న మెదడును కదల్చి, ఎదుటి గోడకు కొట్టినదన్నమాట. మెదడు అదురును తన గ్రంథములలో వివరించిన పారేకు ఇది మరువరాని దృష్టాంతమైనది.

అంతకన్నను వింతయైన సంగతిని 1705లో ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు అలెక్సిస్ లిత్రే ప్రకటించెను. ఒక ఖైదీ ప్రాణముమీది ఆశ విడిచి, పరుగున వచ్చి చెరసాల గోడకు తలను ఢీకొని మరణించెను. లిత్రే తల విప్పి చూడగా మరణమునకు తగిన గాయమేదియు మెదడున కానరాలేదు. కంటికి కనబడు చెడుపు లేకయే మెదడు ఎట్లు నిలిచిపోవును? ఈ ప్రశ్న రెండు శతాబ్దములకు పైగా వైద్యులను వేధించెను.

దీనికి సమాధానము రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆక్స్‌ఫర్డులో లభించెను. 1941లో డెనీ బ్రౌన్, రిచీ రసెల్ అను వైద్యులు జంతువులపై పరీక్షలు జరిపి, కదలకుండ బిగించిన తలకన్న, స్వేచ్ఛగా కదలు తలకు తగిలిన దెబ్బయే సులభముగా స్మృతి తప్పించునని చూపిరి. చేటు చేయునది కేవలము దెబ్బ బలము కాదు. తల వేగమున కలుగు హఠాత్తు మార్పు. 1943లో హోల్‌బోర్న్ అను భౌతికశాస్త్రజ్ఞుడు మెదడు ఆకారమున జెలటిన్ ముద్దలు చేసి, తల గిఱ్ఱున తిరుగుటయే ముఖ్యమైన అపాయమని తేల్చెను. పెరుగు కుండను చటుక్కున త్రిప్పిచూచినచో ఈ సూత్రము బోధపడును. కుండ వెంటనే తిరుగును. లోని పెరుగు వెనుకబడి, పొరలు పొరలుగా సాగి చీలును. మెదడులోని సన్నని నరపు తంతువులును అట్లే సాగును. అవి తెగకపోవచ్చును, కాని కణముల లోపల, వెలుపల నుండవలసిన లవణముల సమతూకము చెడును. దానిని చక్కదిద్దుటకు మెదడు అధికముగా శక్తిని వ్యయము చేయవలసి వచ్చును. సరిగా ఆ సమయముననే రక్తప్రసారము తగ్గియుండును. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారము వంటిది ఆ మెదడు. లిత్రే కత్తికి చిక్కనిది ఈ లోటే.

ఆ రోజులలోనే ఆక్స్‌ఫర్డున హ్యూ కెయిర్న్స్ అను శస్త్రవైద్యుడు వేరొక మార్గమున ఆలోచించుచుండెను. 1935 మే నెలలో మోటారుసైకిలు ప్రమాదమున తలకు దెబ్బ తగిలి ఆరు దినములు స్పృహ లేక మరణించిన టి.ఇ. లారెన్సును చూచిన వైద్యులలో ఆయన ఒకడు. నయము చేయలేని గాయమును నివారింపవలెనని తలచి, యుద్ధకాలపు మోటారుసైకిలు ప్రమాదములను పరిశీలించి, శిరస్త్రాణము ప్రాణములను కాపాడుచున్నదని 1941లో ప్రకటించెను. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యమున వార్తలు మోయు మోటారుసైకిలు భటులకు హెల్మెట్ తప్పనిసరియయ్యెను. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 129వ విభాగము దీనినే విధించుచున్నది. హెల్మెట్ పుఱ్ఱెను చాలవరకు కాపాడును. మెదడు అదురును మాత్రము పూర్తిగా ఆపజాలదు. కనుక హెల్మెట్ పెట్టుకొని పడినవాడు సైతము పరీక్షకు అర్హుడే.

స్పృహను కొలుచుటకు 1974లో గ్లాస్గో నగరమున టీస్‌డేల్, జెనెట్ ఒక కొలమానము నేర్పరచిరి. కన్నులు తెరచుటకు 4, మాటకు 5, అవయవముల కదలికకు 6, మొత్తము 15 అంకెలు. 1971లో లండనులో తొలి రోగికి తీసిన సి.టి. స్కాను పుఱ్ఱెలోని రక్తస్రావమును చూపు సాధనమయ్యెను. అయినను అదురు స్కానులో సాధారణముగ కానరాదు. స్కాను బాగున్నదనగా ప్రస్తుతము రక్తస్రావము కనబడలేదని అర్థము. అదురు లేదని కాదు. 15కు 15 అంకెలు వచ్చినవానికిని అదురు ఉండవచ్చును. స్పృహ తప్పినప్పుడే అదురు అనుకొనుట మరియొక అపోహ. పెక్కుమందికి స్పృహ తప్పనే తప్పదు.

ఈ పాఠమును క్రీడారంగము చాల మూల్యము చెల్లించి నేర్చుకొనెను. 1928లో హారిసన్ మార్ట్‌లాండ్ అను అమెరికా వైద్యుడు, పదేపదే తలపై దెబ్బలు తిన్న ముష్టియోధులు త్రాగినవారివలె తూలుట, మతి మందగించుట వర్ణించెను. 1998 ఫిబ్రవరి 20న ఢాకాలో భారత క్రికెటరు రామన్ లాంబా హెల్మెట్ లేక బ్యాట్స్‌మనుకు అతి సమీపమున నిలిచియుండగా బంతి తలకు తగిలెను. ఆయన నడిచియే మైదానము వీడెను. పిమ్మట స్పృహ కోల్పోయి 23వ తేదీన మరణించెను. నడచి వచ్చినవాడు క్షేమముగా నున్నాడనుకొనరాదని ఇంతకన్న విషాదకరముగా చెప్పు ఉదాహరణ లేదు. 2019 ఆగస్టునుండి అంతర్జాతీయ క్రికెట్టులో తలకు దెబ్బ తగిలినవానికి బదులుగా మరియొకనిని ఆడించు నియమము వచ్చెను. ఆ నెలలోనే లార్డ్స్ మైదానమున స్టీవ్ స్మిత్ మెడపై బంతి తగిలి, పరీక్షలో నెగ్గి మరల బ్యాటు పట్టెను. మరునాటి ఉదయమునకు గాని లక్షణములు బయటపడలేదు. అతని స్థానమున లబుషేన్ ఆడెను.

ఇక ఇంటివారు తెలిసికొనవలసిన సంగతి. దెబ్బ తగిలినవాడు తెల్లబోయి చూచుట, అడిగినదే అడుగుట, దెబ్బకు ముందువెనుకల సంగతి మరచుట, తల తిరుగుట, వెలుతురును చప్పుడును సహింపలేకపోవుట, కారణము లేక చిరాకుపడుట అదురు గుర్తులు. చంటిపిల్లలైనచో ఊరడిల్లని ఏడ్పు, పాలు త్రాగకుండుట గమనింపవలెను. ఆ దినమున ఆటకు గాని, వాహనము నడుపుటకు గాని పంపరాదు, ఒంటరిగా విడువరాదు. తలనొప్పి అంతకంతకు హెచ్చుట, మరల మరల వాంతులు, మూర్ఛ, కాలుసేతులు పట్టుతప్పుట, కనుపాపలు రెండును సమముగా నుండకపోవుట, చెవి ముక్కులనుండి నీరో నెత్తురో కారుట, లేపినను లేవని మగత, తీవ్రమైన మెడనొప్పి, వీనిలో ఏ యొక్కటి కనబడినను క్షణము జాగు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. నిద్రపోనీయరాదను పాతమాట సరికాదు; వైద్యుడు చూచి అనుమతించిన పిదప నిద్ర మేలే చేయును. వైద్యుని అడుగక నొప్పి మాత్రలు, ఏ స్థితిలోను మద్యము, ఈయరాదు.

ఒకప్పుడు చీకటిగదిలో దినముల తరబడి పరుండబెట్టుట చికిత్సగా నుండెను. ఆ పద్ధతి ఇప్పుడు పోయినది. మొదటి ఒకటి రెండు దినములు తేలికపాటి విశ్రాంతి, దూరదర్శిని, సెల్‌ఫోనుల వాడకము తగ్గించుట. పిదప కొద్దికొద్దిగా నడక, చదువు, పని. బాలురకు బడి ముందు, ఆట తరువాత. ఆటకు మెట్టుమెట్టుగా, వైద్యుని అనుమతితో మరలుట, ఇదియే నేటి విధానము. పెద్దలలో పెక్కుమంది సుమారు రెండు వారములలో, పిల్లలు నాలుగు వారములలో కోలుకొందురు. కోలుకొనకముందే రెండవ దెబ్బ తగులుట మాత్రము మిక్కిలి ప్రమాదకరము. అరుదుగా అది ప్రాణాంతకమగును.

పపైరస్ వ్రాసిన వైద్యునికి స్కాను లేదు, సుశ్రుతునికి సూక్ష్మదర్శిని లేదు. వారికున్నవి కన్నులు, చెవులు, ఓర్పు. ఆ మూడును ప్రతి యింట నున్నవి. తల దెబ్బ తగిలిన రాత్రి మన యింట వానిని వినియోగించు భారము మనదే.