ముక్కుపుడకకు దక్కిన న్యాయం

మన తాతముత్తాతలు 1860 నుండి 1911 వరకు చెరకు తోటల పని కోసం ఓడలెక్కి డర్బన్ రేవులో దిగారు. వారు పడిన కష్టాలలో పని కష్టం ఒక పాలు, చట్టం పెట్టిన కష్టం మరొక పాలు. ఒప్పందం ముగిసినా ఇక్కడే నిలిచినవారిపై నాటాల్ ప్రభుత్వం 1895 చట్టంతో ఏటా మూడు పౌన్ల పన్ను వేసింది. 1913లో కేప్ న్యాయస్థానం ఇచ్చిన సర్ల్ తీర్పు, క్రైస్తవ పద్ధతిలో జరగని పెండ్లిళ్లు చెల్లవన్నది. తాళి కట్టించుకున్న మన అవ్వలు చట్టం దృష్టిలో భార్యలు కాకపోయారు. సత్యాగ్రహం వలన 1914లో ఆ పన్ను పోయింది, ఏకపత్నీ వివాహాలకు గుర్తింపు వచ్చింది. కాని 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం కాటో మానర్ వంటి చోట్ల మనవారి ఇండ్లను, కూరగాయల తోటలను విడిపించి చాట్స్‌వర్త్‌కు పంపింది. 1991 దాకా ఆ చట్టం రద్దు కాలేదు.

అందుకే 1996 రాజ్యాంగం మనకు అంత విలువైనది. జాతి, రంగు, మతం, సంస్కృతి, భాష, పుట్టుక మొదలైన కారణాలతో ప్రభుత్వం గాని, మరే వ్యక్తి గాని అన్యాయమైన వివక్ష చూపరాదని 9వ సెక్షను చెబుతుంది. గౌరవించవలసిన భాషలలో తెలుగు పేరు 6వ సెక్షనులోనే ఉన్నది. 2000లో వచ్చిన చట్టం సమానత్వ న్యాయస్థానాలను కల్పించింది.

ఈ హక్కు కాగితం మీది మాట కాదని ఒక ముక్కుపుడక నిరూపించింది. 2004లో డర్బన్‌లో ఒక హిందూ బాలిక సెలవులలో ముక్కు కుట్టించుకొని బడికి వచ్చింది. చెవిపోగుల వంటి కొన్నిటికి తప్ప నగలకు అనుమతి లేదని బడివారు అన్నారు. పిల్ల పెద్దమనిషి అయినప్పుడు ముక్కుపుడక పెట్టడం తమ దక్షిణ భారత కుటుంబ ఆచారమని తల్లి చెప్పింది. సమానత్వ న్యాయస్థానంలో ఆమె ఓడింది, హైకోర్టులో గెలిచింది. 2007 అక్టోబరు 5న రాజ్యాంగ న్యాయస్థానం కూడా ఆమె పక్షమే నిలిచింది.

పుడక పెట్టుకొనడం మతం విధించిన నియమమేమీ కాదని తల్లే ఒప్పుకున్నది. అయినా, మనస్ఫూర్తిగా పాటించే ఆచారం తప్పనిసరి కాకపోయినా దానికి రక్షణ ఉన్నదని ప్రధాన న్యాయమూర్తి పయస్ లాంగా తీర్పు వ్రాశారు. అందరికీ ఒకే నియమం పెట్టినంత మాత్రాన సమానత్వం కాదు. అవసరమైన చోట మినహాయింపు ఇవ్వాలి. ఒకరిని చూచి మరికొందరు తమ ఆచారాలతో బడికి వస్తే అది భయపడవలసిన విషయం కాదు, సంతోషించవలసిన విషయమన్నారు. తీర్పు వచ్చేసరికి ఆ బాలిక బడి విడిచిపోయింది. ఫలితం ఆమె తరువాతి పిల్లలకు దక్కింది.

ఇందులో మనము నేర్చుకోవలసినవి రెండు. ఆ తల్లి తన ఆచారానికి అర్థమేమిటో న్యాయస్థానంలో చెప్పగలిగింది. మన బొట్టును, తాళిని, ఉగాది పచ్చడిని గూర్చి మన పిల్లలు అలా చెప్పగలరా? చెప్పగలిగేలా చేయడం ఇంటి పని, సాయంకాలపు తెలుగు తరగతి పని. రెండవది, ఆ 9వ సెక్షను మనలనూ కట్టివేస్తుంది. మన దుకాణంలో పనిచేసే జూలూ సోదరునికి, మన ఇంట వంటచేసే అమ్మకు అదే గౌరవం మనము ఇవ్వాలి. మనము కోరుకున్న న్యాయం వారికీ చెందినప్పుడే ఆ హక్కు మనకు నిలుస్తుంది.