మదనపల్లె టీకా పరీక్ష

కుండలోని యన్నము ఉడికినదో లేదో యెరుగుటకు ఇల్లాలు ఒక్క మెతుకు పట్టి చూచును. దీనినే మన శాస్త్రకారులు స్థాలీపులాకన్యాయమనిరి. కాని యీ న్యాయము చెల్లుటకొక నియమము గలదు: కుండయంతటికిని సెగ సమముగా తగిలియుండవలెను. మనుష్యులట్టి మెతుకులు కారు. ఒకనిది గాలి వెలుతురు గల యిల్లు, ఇంకొకనిది చీకటి గది. కోరి టీకా వేయించుకొన్నవారిని, వేయించుకొననివారిని పోల్చినచో మనము కొలుచునది టీకా గుణమా, వారి సంసారస్థితియా? ఈ చిక్కు విప్పుటకు జరిగిన ప్రయత్నములలో నొకటి మన మదనపల్లెలోనే జరిగినది.

మదనపల్లె చెంత ఆరోగ్యవరమున 1915లో క్షయరోగ చికిత్సాలయము వెలసెను. 1948లో మన దేశమున బి.సి.జి. టీకా వేయ మొదలిడిన తావులలో మదనపల్లె యొకటి. 1950 మొదలు ఫ్రిమొట్ మోలర్ వైద్యుడును ఆయన సహచరులును చుట్టుపట్ల జనులను పరీక్షించి, క్షయక్రిమి సోకిన గురుతు చర్మపరీక్షలో కానరానివారిని వంతులవారీగా రెండు భాగములు చేసిరి. ఒక భాగమునకు టీకా వేసిరి, రెండవదానికి వేయలేదు.

మేమీ సంగతి తరగతిలో చెప్పినప్పుడు ఒక బాలిక, “అయ్యవారూ, వేయక విడిచినవారి ఉసురు తగులదా?” అని యడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని గుణము తేలని మందును లక్షలమందికి వేయుట మాత్రము దయ యగునా?

1973లో ప్రకటించిన లెక్క యిది: టీకా పొందిన 5,069 మందిలో 33 మందికి, పొందని 5,808 మందిలో 47 మందికి క్షయ వచ్చెను. రోగము అయిదవవంతు తగ్గినదని సంతసింపవచ్చునా? తొందరపడరాదు. టీకాకు గుణమే లేదని క్షణకాల మనుకొందము. అప్పుడు రోగులు 80 మందిలో టీకా పొందిన భాగమునకు జనసంఖ్యనుబట్టి సుమారు 37 మంది రావలెను, వచ్చినవారు 33. ఇట్టి లెక్కలో నలుగురైదుగురు అటునిటగుట కేవలము యాదృచ్ఛికముగనే తరచు జరుగును. కావున ఈ సాక్ష్యము చాలదు. అట్లని టీకా నిష్ప్రయోజనమని తీర్పు చెప్పుటయు తప్పే. నేరము రుజువు కాలేదనుట వేరు, నేరము జరుగలేదనుట వేరు.

సాక్ష్యము పెరుగుటకు జనము పెరుగవలెను. 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆరంభించిన పరీక్షలో చీట్లు తీసినట్లు నిష్పక్షపాతముగా పంచిరి. 1980 నాటి లెక్కలో ఒక్కొక్క పక్షమున 88,391 మంది. క్షయ వచ్చినవారు టీకా పక్షమున 505, లేని పక్షమున 499. పెద్దలకు వచ్చు ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా అక్కడ ఆపలేదని తేలెను. పసిబిడ్డలకు మెదడుపొరల క్షయ వంటి ఘోరరూపములు రాకుండ కాపాడునని వేరు పరిశోధనలు తెల్పినందున నేటికిని పుట్టిన బిడ్డలకు దానిని వేయుచున్నారు.

పుంగనూరులో నొకరు, కుప్పములో నొకరు “ఈ మందు మావానికి గుణమిచ్చినది” అన్నప్పుడు మనమడుగవలసినవి మూడు: పుచ్చుకొననివారి గతి యేమి? ఎవరికీయవలెనో యెట్లు నిర్ణయించిరి? చూచిన జనమెందరు? తాయెత్తునకైనను టీకాకైనను ప్రశ్నలివియే. ఆరోగ్యవర వైద్యులు తాము నమ్మిన టీకానే వీని ముందు నిలిపిరి. ఆశించినంత ఫలము కానరాకున్నను లెక్కను దాచలేదు.