ఎమ్‌సెక్‌జెన్

యూనిట్ టెస్టులను సొంతంగా రాసిపెట్టే సాధనాలకు తోడ్పడేందుకు 2009లో వెలువడిన పద్ధతి. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి చెందిన తుమ్మలపెంట సురేష్, తావ్ షియె, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ సహచరులతో కలిసి దీన్ని రూపొందించారు. ఉదాహరణకు, గ్రాఫ్‌లో వెతికే కోడ్‌ను పరీక్షించాలంటే ముందు ఖాళీ గ్రాఫ్‌ను సృష్టించాలి, అందులో బిందువులు చేర్చాలి, ఆ తర్వాతే వాటిని గీతలతో కలపాలి. ఈ వరుస కుదరకపోతే టెస్టు లోపలి షరతుల దాకా వెళ్లదు. సాధనాలు చతికిలబడేది ఎక్కువగా ఇక్కడే. ఎమ్‌సెక్‌జెన్ ఆ వరుసను గుడ్డిగా ఊహించదు; ప్రోగ్రామర్లు అప్పటికే రాసిన కోడ్‌ను గాలించి పట్టుకుంటుంది. దీని అసలు బలం అదే. ప్రయోగించి చూసినప్పుడు బ్రాంచ్ కవరేజ్, అంటే పరీక్షలో నడిచిన షరతుల శాఖల వాటా, టెస్టులు రాసే సాధనాలైన రాండూప్‌కు 8.7 శాతం, పెక్స్‌కు 17.4 శాతం పెరిగింది. పెక్స్ తరువాత ఇంటెల్లిటెస్ట్ పేరుతో విజువల్ స్టూడియో 2015లో చేరింది.