ఆకాశమునకు చెవి యొగ్గినవారు

కీసర మున్నేటి యొడ్డున నున్న గ్రామము. హైదరాబాదు–విజయవాడ రహదారి దాని ప్రక్కగా పోవును. రాత్రివేళ ఆ దారి ప్రక్క నిలుచున్న వారెవరైనను ఒక సంగతి గమనింపవచ్చును. హారను మ్రోగించుచు వచ్చు లారీ మనలను సమీపించునంతవరకు ఆ మ్రోత హెచ్చు శ్రుతిలో, సన్నగా వినబడును. మనలను దాటిన వెంటనే శ్రుతి దిగి బొంగురుగా మారును. హారను మారలేదు, లారీ గమనమే మన చెవికి ఆ భేదమును కలిగించినది. దీనినే డాప్లరు ఫలితమందురు. ఆస్ట్రియా దేశీయుడైన క్రిస్టియన్ డాప్లరు 1842లో దీనిని వివరించెను.

ఈ చిన్న సూత్రమును చేతబట్టుకొని రేడియో ఔత్సాహికులును, ఒక హైస్కూలు ఉపాధ్యాయుడును ఆకాశమునుండి ఎట్టి రహస్యములను రాబట్టిరో తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

ఔత్సాహికులనగా ఎవరు? జీతము కొరకు గాక, కేవలము అభిలాషచే రేడియో పరికరములను అమర్చుకొని, దూరదేశములవారితో మాటలాడువారు. వీరిని ‘హాము’లని కూడ పిలుతురు. మాటలు ప్రసారము చేయవలెనన్న ప్రభుత్వము జరుపు పరీక్షలో నెగ్గి లైసెన్సు పొందవలెను. పొందినవారికి ఒక పిలుపు సంకేత మిత్తురు. మనదేశపు హాముల సంకేతములు సామాన్యముగా ‘వి.యు.’ అను అక్షరములతో ప్రారంభమగును.

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ రష్యా మొట్టమొదటి కృత్రిమోపగ్రహమగు స్పుత్నిక్‌ను ప్రయోగించెను. దాని బరువు 83.6 కిలోలు, వ్యాసము 58 సెంటీమీటర్లు. లోపలి ప్రసారయంత్రపు శక్తి ఒక వాటు మాత్రమే, అది 20.005, 40.002 మెగాహెర్ట్జుల వద్ద ‘బీప్, బీప్’ అని పలుకుచుండెను. వీనిలో మొదటిది సామాన్యమైన షార్టువేవు రిసీవరులకు అందునట్టి పౌనఃపున్యము. ఉపగ్రహము రాబోవుచున్నదనియు, దానిని వినవలసిన విధమిదియనియు రష్యాలోని ‘రేడియో’ పత్రిక ఆ వేసవిలోనే ఔత్సాహికులకు తెలిపియుండెను. కనుక ఆ పిలుపును విన్నది పెద్ద ప్రయోగశాలలు మాత్రమే కాదు. ప్రపంచమందు ఎందరో హాములు తమ యిండ్లలో కూర్చుండియే వినిరి. బ్యాటరీలు ఖర్చయి మూడు వారములకు ఆ గొంతు ఆగిపోయెను.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రయోగశాలలో విలియం గైయరు, జార్జి వైఫెన్‌బాకు అను ఇరువురు యువ భౌతికశాస్త్రజ్ఞు లుండిరి. స్పుత్నిక్ దగ్గరకు వచ్చునప్పుడు దాని శ్రుతి హెచ్చుగను, దాటిపోవునప్పుడు తక్కువగను ఉండుట వారు గుర్తించిరి. అచ్చముగా మన లారీ హారను వంటిదే. ఆ మార్పును కొలిచి, ఒకేచోట కూర్చుండి ఉపగ్రహపు కక్ష్యను లెక్కకట్టిరి. మరుసటి యేడు ఫ్రాంకు మెక్‌క్లూరు ఆ లెక్కను తలక్రిందులు చేసెను: కక్ష్య ముందుగా తెలిసియున్నచో, వినువాడు భూమిపై ఎచ్చట నున్నాడో తెలియవలెను గదా! ఉపగ్రహముల సాయమున ఓడలకు దారిచూపు పద్ధతికి ఇదియే పునాది అయ్యెను.

ఇక ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపదగిన కథ యొకటి కలదు. ఇంగ్లాండులోని కెటరింగు గ్రామరు స్కూలులో జెఫ్రీ పెర్రీ భౌతికశాస్త్ర బోధకుడు. అదే బడిలో రసాయనశాస్త్రము బోధించు డెరెకు స్లేటరు హాము. తరగతిలో డాప్లరు ఫలితమును చూపుటకు పెర్రీ రష్యా ఉపగ్రహముల పిలుపులను పట్టి పిల్లలకు వినిపించెడివాడు. ఏ ఉపగ్రహము ఏ సమయమున వినబడెనో విద్యార్థులు దినదినము పుస్తకములో వ్రాసికొనుచుండిరి. బడిలో హాజరుపట్టీ ఉన్నట్లే ఉపగ్రహములకును ఒక హాజరుపట్టీ ఏర్పడినది.

1966 మార్చి 17వ తేదీన కాస్మాసు 112 ఆకాశమున కెక్కెను. దాని రాక వేళలు ఆ పట్టీలోని పాత వరుసకు సరిపడలేదు. అంతకుముందు బైకనూరు నుండి వెళ్లిన ఆ కోవకు చెందిన ఉపగ్రహములలో పెక్కింటి కక్ష్యలు భూమధ్యరేఖకు సుమారు 65 డిగ్రీలు వాలియుండగా, దీని కక్ష్య 72 డిగ్రీలు వాలియుండెను. తరువాత వచ్చిన మరికొన్నింటి దారులను గూడ పిల్లలు, ఉపాధ్యాయుడు కలిసి పటముపై గీచిరి. ఒకే తావునుండి బయలుదేరిన బాటసారులు వేర్వేరు దిక్కులకు పోయినను, వారి అడుగుజాడలను వెనుకకు పట్టుకొనిపోయినచో ఆ తావుననే కలియును. అట్లే ఆ రేఖలన్నియు ఉత్తర రష్యాలోని ప్లెసెట్స్కు సమీపమున కలిసెను. అచ్చట ఒక రాకెట్టు కేంద్ర మున్నదని అంతవరకు ఎవరును బహిరంగముగా చెప్పలేదు. పెర్రీ ఆ సంగతిని 1966లోనే వెల్లడించగా, రష్యా ప్రభుత్వము 1983లో గాని ఒప్పుకొనలేదు. ఒక రిసీవరు, ఒక గడియారము, ఒక నోటుపుస్తకము: ఆ బడికి ఇవియే ప్రధాన సాధనములు.

వినుటతో హాములు తృప్తిచెందలేదు. తమకొక ఉపగ్రహము కావలెనని కాలిఫోర్నియాలోని కొందరు తలచి, నాలుగున్నర కిలోల ‘ఆస్కారు 1’ను తామే నిర్మించిరి. 1961 డిసెంబరు 12న అది మరొక ఉపగ్రహముతో కూడ, బరువు సరితూకమునకు పెట్టు దిమ్మకు బదులుగా, రాకెట్టుపై ప్రయాణమయ్యెను. అది మోర్సు సంకేతములో పలికిన మాట ‘హై’ అను పలకరింపు మాత్రమే: నాలుగు చుక్కలు, మరల రెండు చుక్కలు. ఆ చుక్కల వేగము లోపలి ఉష్ణోగ్రతను బట్టి మారునట్లు అమర్చిరి. కనుక పలకరింపే ఉష్ణమాపకమయ్యెను. 28 దేశములనుండి 570 మందికి పైగా హాములు తాము విన్న వివరములను వ్రాసి పంపిరి.

మన తెలుగుగడ్డకు ఈ కథతో దగ్గరి సంబంధము కలదు. 1983లో హైదరాబాదున నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో స్థాపింపబడెను. ఆ సంస్థ పక్షమున భారతి ప్రసాద్ గారి బృందము అండమానులో ఉండగా, 2004 డిసెంబరు 26న సునామి విరుచుకుపడెను. విదేశ హాములతో సరదాగా మాటలాడుటకు తీసికొనిపోయిన యంత్రములే ఆనాడు ద్వీపవాసుల క్షేమవార్తలను మోసెను.

కొద్ది నెలలకే, 2005 మే 5న, శ్రీహరికోటలో క్రొత్తగా కట్టిన రెండవ ప్రయోగవేదికనుండి పి.ఎస్.ఎల్.వి. సి–6 రాకెట్టు లేచెను. కార్టోశాట్ 1తో బాటు అది మోసిన రెండవ ఉపగ్రహము 42.5 కిలోల ‘హామ్‌శాట్’. అందులో రెండు పునఃప్రసార యంత్రము లుండెను. ఒకటి మనదేశమున తయారయినది. రెండవది డచ్చి విద్యార్థి విలియం లైయెనారు నిర్మించినది. భూమినుండి 435 మెగాహెర్ట్జుల వద్ద పంపిన మాటను అందుకొని 145 మెగాహెర్ట్జుల వద్ద మరల భూమికి పంపుట దాని పని. లైసెన్సు గల ఏ దేశపు హామైనను రుసుము లేకుండ దానిని వాడుకొనుటకు వీలుండెను. తొమ్మిదేండ్లకు పైగా సేవచేసి, బ్యాటరీలు చెడి, 2014 జూలైలో అది మూగవోయెను.

ఒక సాయంకాలము మా కళాశాల డాబాపై విద్యార్థులతో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమును వినబూనితిమి. కొలతటేపు ముక్కలతో చేసిన ఏరియలు, బొటనవ్రేలంత రిసీవరు, ఒక లాప్‌టాపు మా సామగ్రి. మొదటి తడవ ఏరియలును ఎదురుదిక్కుకు త్రిప్పి, గరగర తప్ప మరేమియు వినలేదు. గంటన్నరకు అది మరల వచ్చినప్పుడు 145.8 మెగాహెర్ట్జులకు మూడు కిలోహెర్ట్జులకు పైగా ఎగువన గీత కనబడి, పది నిమిషములలో అంతే దిగువకు జారెను. డాప్లరు ఫలితమును పిల్లలు ఆనాడు కన్నులతో చూచిరి.

“మాస్టారూ, దీనివలన మనకేమి లాభము?” అని ఒక కుర్రవాడు అడిగెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. 2024 సెప్టెంబరు ఆరంభమున మున్నేరు పొంగి, నందిగామ వద్ద ఐతవరమున రహదారి మునిగి రాకపోకలు నిలిచెను. విజయవాడలో బుడమేరు ముంచిన పేటలలో కరెంటు లేక ఎన్నో సెల్‌ఫోనులు పలుకలేదు. అట్టి వేళ ఒక బ్యాటరీ, ఒక తీగ, దానిని వాడ నేర్చిన మనిషి ఉన్నచో ఊరికి నోరున్నట్లే. కాని ఆ నేర్పు వరద వచ్చిన దినమున అబ్బదు. ప్రశాంతముగా ఉన్న రాత్రులలో, కేవలము కుతూహలముచే ఆకాశమును విన్నవానికే అది అలవడును.

హామ్‌శాట్ నేడు పలుకదు. అయినను అంతరిక్ష కేంద్రము దినమునకు పలుమార్లు మన ప్రాంతపు ఆకాశమున పోవుచునే యున్నది. ఉపాధ్యాయులు ఒక నోటుపుస్తకము తెరచి దాని వేళలను పిల్లలచే వ్రాయించుట మొదలుపెట్టినచో చాలును. కెటరింగులో జరిగిన పనికి మొదలు అదియే.