పందెంపుంజు కాదు, గంప కింది పెట్ట

పల్నాడు అనగానే అందరికీ కోడిపందెమే గుర్తొస్తుంది. 12వ శతాబ్దంలో నాగమ్మ పుంజూ బ్రహ్మనాయుడి పుంజూ కొట్టుకున్నాయనీ, ఓడినవాళ్లు మాచర్ల విడిచి వలసపోయారనీ, ఆ పగే చివరికి కారెంపూడి యుద్ధమయిందనీ కథ. వీరగాథ పాడేవాళ్లు పందెంపుంజులకు కూడా పేర్లు పెట్టుకున్నారు. చాపకూడు గురించి చెప్తారు. మాల కన్నమదాసు పరాక్రమం గురించి చెప్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పుంజు పిల్లగా ఉన్నప్పుడు ఎండకి సొమ్మసిల్లితే నీళ్లు పట్టిందెవరు? దాన్ని పొదిగిన పెట్టకు తెగులొస్తే గంప మార్చిందెవరు? ఈ ప్రశ్నలు ఏ వీరగాథలోనూ లేవు. కత్తి కట్టిన కోడికే చరిత్ర ఉంది. రోగమొచ్చిన కోడికి లేదు. దాన్ని బతికించిన ఆడమనిషికీ లేదు.

నేను పల్నాడు మాదిగపల్లెలో పుట్టినవాణ్ణి. నాకు తెలిసిన కోడి బరిలో కోడి కాదు, మా నాయనమ్మ గంప కింది కోడి. దాని చరిత్రే ఇక్కడ చెప్తాను.

మాకు సెంటు భూమి లేదు. గొడ్లు లేవు, ఉన్నా మేపుకోవడానికి బీడు లేదు. మిరపకాయ కోతలకు పోతే వచ్చే కూలి ఏ రోజుది ఆ రోజు గంజికే సరిపోయేది. ఇంట్లో మగవాడి చేతిలో పడకుండా, కామందు పుస్తకంలోకి ఎక్కకుండా ఆడమనిషి చేతిలో మిగిలే ఆస్తి ఒక్క కోడే. గుడ్లు అమ్మితే దీపానికి కిరసనాయిలు, పెట్టను అమ్మితే జ్వరానికి సూది. పెట్టను కొనలేని ఆడవాళ్లు ఇంకొకరి పెట్టను సగం పాలుకు తెచ్చి పెంచేవాళ్లు. పిల్లలు పెద్దయ్యాక చెరిసగం. అందుకే మా పల్లెలో కోడికి జబ్బు చేసిందంటే అది కోడికి మాత్రమే చేసిన జబ్బు కాదు.

పల్నాటి ఎండ సంగతి వేరే చెప్పాలా? వేసవి వస్తే రాష్ట్రమంతా రెంటచింతల పేరు చెప్పుకుంటుంది. ఊళ్లోవాళ్లకు మట్టిమిద్దెలు, పెద్ద వసారాలు, గొడ్లచావిడి పక్కన వేపచెట్లు. మా పల్లెకు ఇరుకు సందులు, వంగి దూరే గుడిసెలు. నీడ కూడా కులాన్ని బట్టే పంచారు. మనిషికే నీడ దొరకని చోట కోడికి ఎక్కణ్ణుంచి దొరుకుతుంది?

కోడికి చెమట పట్టదు. చెమట గ్రంథులే లేవు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల దాకా ఉంటుంది. బయటి ఎండ కూడా అంతకు చేరిందంటే ఒంట్లో వేడి పోయే దారి ఒక్కటే మిగులుతుంది, నోరు తెరిచి రొప్పడం. రెక్కలు ఒంటికి దూరంగా దించుతుంది. జుట్టులోంచి, కాళ్లలోంచి కొంత వేడి పోతుంది. అదే పనిగా రొప్పితే రక్తం గుణం మారి గుడ్డు పెంకు పలచబడుతుంది. నేను ఇది చాలా ఏళ్ల తర్వాత పుస్తకంలో చదివాను. మా నాయనమ్మ మాత్రం తోలుగుడ్డు చేతిలోకి తీసుకొని "కోడికి వడ తగల్తంది, రేపట్నించి పొద్దెక్కినాక గింజలెయ్యమాకండి" అనేది. తిన్న తిండి అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుందని శాస్త్రం చెప్తుంది. ఆమె నూకలూ జొన్నలూ తెల్లారుజామునే వేసేది, మళ్లీ పొద్దు వాలాక వేసేది.

సొమ్మసిల్లిన పెట్టకు ఆమె చేసే వైద్యం ఇట్టా ఉండేది. ముందు ఎండలోంచి తీసి గాలాడే నీడన పెట్టాలి. ఒక్కసారే కుండెడు నీళ్లు గుమ్మరించకూడదు. కాళ్లు, జుట్టు తడపాలి. గంప మీద తడిపిన గోతం పట్టా వేసి, గాలి కోసం ఒక పక్క ఎత్తి ఉంచాలి. పగిలిన కుండ పెంకులో నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం కలపాలి. నేను తొందరపడి నోరు తెరిచి పోయబోతే చెయ్యి పట్టుకునేది. "నోట్లో పొయ్యమాకురా, పొలమారి చచ్చిద్ది. ముక్కు తడుపు, అదే తాగిద్ది." పలచటి మజ్జిగ దొరికితే ఇంకా మంచిది. కానీ మజ్జిగ మా ఇంట్లో పుట్టేది కాదు. కామందు దొడ్డి ఊడిస్తే, వాళ్లకు బుద్ధి పుడితే, దూరం నుంచి మా చెంబులో పోసేది.

నీళ్లూ అంతే. ఎండ ముదిరితే కోడి మామూలుగా తాగేదానికి రెండింతలు, ఇంకా ఎక్కువే తాగుతుంది. మంచినీళ్ల బావి ఊళ్లో ఉంది. మా ఆడవాళ్లు గట్టు కింద కడవ పెట్టుకొని, ఎవరో ఒక పెద్దింటి మనిషి వచ్చి చేది పోసేదాకా ఎండలో నిలబడాలి. మా కోడి మాత్రం నడుచుకుంటూ పోయి ఆ గట్టు మీదే నిలిచిన నీళ్లు తాగి వచ్చేది. దాన్ని ఎవరూ కులం అడగలేదు. పెంకులో పోసిన ప్రతి చుక్కా అడుక్కొని తెచ్చిన నీళ్లే. 1927 మార్చి 20న అంబేడ్కర్ మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగాడు. 1985 జూలైలో కారంచేడులో మాదిగల మంచినీళ్ల చెరువును పాడు చేస్తుంటే అడ్డుకొని మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. దానికి మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. కోడి వైద్యంలో ఇదంతా ఎందుకంటారా? నీళ్లు లేకుండా ఏ వైద్యం ఉంది?

మనువు కోడిని మరిచిపోలేదు. మూడో అధ్యాయంలో శ్రాద్ధం దగ్గర తినే బ్రాహ్మణుల్ని ఎవరెవరు చూడకూడదో జాబితా ఇచ్చాడు. చండాలుడు, పంది, కోడి, కుక్క, ముట్టయిన స్త్రీ, నపుంసకుడు. కుక్క చూపుతో, పంది వాసనతో, తక్కువ కులంవాడు ముట్టుకోవడంతో, కోడి రెక్కల గాలితో ఆ కూడును పాడు చేస్తాయట. అయిదో అధ్యాయంలో ఊరకోడిని తెలిసి తిన్న ద్విజుడు పతితుడవుతాడన్నాడు. వడదెబ్బ తగిలి ప్రాణం నిలుపుకోవడానికి కోడి రెక్కలు విప్పితే, వాళ్ల శాస్త్రానికి ఆ గాలి మైల. మమ్మల్నీ మా కోళ్లనీ ఒకే వరసలో నిలబెట్టిన ఆ పుస్తకాన్ని 1927 డిసెంబర్ 25న మహద్‌లోనే తగలబెట్టారు.

శాస్త్రంలో మైల అయిన కోడి పళ్లెంలోకి వచ్చేసరికి పెద్ద కులాలకు కమ్మగా అయిపోయింది. నిజాం రాజ్యంలో అధికారి ఊళ్లో దిగితే చాలు, వెట్టి కింద పేదల ఇళ్లలోంచి కోళ్లు పోయేవి. మా వైపు దాన్ని వెట్టి అనలేదు. "పండక్కి ఇస్తాంలే" అనేవాళ్లు. ఆ పండగ వచ్చేది కాదు.

ఒక వేసవిలో మా అక్కను సాంఘిక సంక్షేమ హాస్టల్లో చేర్చాలి. రేకుపెట్టె, పళ్లెం, గ్లాసు కొనాలి. ఉన్నది ఒక ఎర్రపెట్ట, దాని పిల్లలు. రోహిణీ కార్తె మధ్యాహ్నం ఆ పెట్ట సొమ్మసిల్లింది. నాయనమ్మ దాని కాళ్లు తడుపుతూ ఉండగా కామందు ఇంటి జీతగాడు వచ్చాడు. మా పల్లెవాడే.

"పెద్దమ్మా, అయ్యగారింటికి అల్లుడొచ్చాడంట. ఎర్రపెట్టని ఇమ్మన్నారు."

ఆమె గంప ఎత్తి చూపించింది. కళ్లు మూసి, నోరు తెరిచి, రెక్కలు జార్చి పడి ఉంది పెట్ట.

"కొక్కెర తగిలింది నాయనా. తీసకపో. అయ్యగారి అల్లుడికి వండి పెట్టమను, నేనొద్దన్నానా?"

వాడు వంగి చూశాడు. అది కొక్కెర కాదని వాడికీ తెలుసనుకుంటాను. నవ్వు ఆపుకుంటూ వెళ్లిపోయాడు. పొద్దు వాలాక పెట్ట లేచి రెక్కలు దులుపుకుంది. ఆ పెట్టా పిల్లలూ సంతలో అమ్మాకే మా అక్క పెట్టె నెత్తిన పెట్టుకొని హాస్టలుకు పోయింది.

వడకీ కొక్కెరకీ తేడా మా పల్లెలో ప్రతి ఆడమనిషికీ తెలుసు. వడదెబ్బ నడి మధ్యాహ్నం కొడుతుంది, బలిసిన పెట్టల్ని ముందు కొడుతుంది, చల్లబడితే తేరుకుంటాయి. కొక్కెర అయితే రెట్ట ఆకుపచ్చగా పోతుంది, మెడ మెలితిరుగుతుంది, కాళ్లు పడిపోతాయి, రెండు మూడు రోజుల్లో పక్కిళ్ల గంపలు కూడా ఖాళీ అవుతాయి. అందుకే జబ్బు కోడిని విడిగా మూసేవాళ్లు. చచ్చినదాన్ని లోతుగా గొయ్యి తీసి పాతేవాళ్లు.

ఈ జబ్బుకు దొరలు ఇంగ్లండులో న్యూకాసిల్ పేరు పెట్టారు, అక్కడ 1926లో కనిపించింది కాబట్టి. ఆ దశకం చివర్లోనే కుమావు కొండల్లో రాణిఖేత్‌లో బయటపడితే మన దేశంలో ఆ ఊరి పేరు స్థిరపడింది. 1940లలో అదే కొండల్లో ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో టీకా తయారైంది. తగిలాక మందు లేదు, టీకా ఒక్కటే దారి. పిల్లలకు మొదటి వారంలో కంట్లో, ముక్కులో చుక్కలు. రెండు నెలలకు అటూ ఇటూగా సూది. ఎండలు ముదరకముందే, పొద్దున చల్లటి వేళ వేయించాలి. టీకాను ఐసులో పెట్టి తేవాలి.

కానీ మా చిన్నతనంలో ఆ సూది మా పల్లె దాకా రాలేదు. పశువుల ఆసుపత్రి మనిషి ఊళ్లో గేదెల్ని చూసి, కాఫీ తాగి అట్నుంచి అటే పోయేవాడు. ఇంకో చిక్కు సీసాలోనే ఉంది. ఒక్కో సీసాలో వంద కోళ్లకో అంతకు మించో సరిపడే మందు ఉంటుంది. కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి. నాలుగు కోళ్లున్న మనిషి ఒక్కతే పోయి అడిగితే సీసా విప్పరు. వందల కోళ్లున్న షెడ్డుకు ఆ చిక్కు లేదు. పేదల కోడికి టీకా కావాలంటే పల్లె మొత్తం ఒకే పొద్దున గంపలు తెరవాలి. అంటే సంఘం కావాలి.

ఇప్పుడు షెడ్లలో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, నీటి తుంపర చల్లే యంత్రాలు వచ్చాయి. నాటుకోడి హోటళ్ల బోర్డుల మీదికెక్కింది. నాటుకోడిని వేల ఏళ్లు బతికించిన ఆడవాళ్ల తెలివి మాత్రం ఏ బోర్డు మీదికీ ఎక్కలేదు. కొత్త రోగాలూ వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. కోళ్లు గుంపుగా చస్తే ఒట్టి చేతులతో ముట్టుకోకుండా, కోసుకొని తినకుండా ముందు పశువైద్యుడికి కబురు చేయాలని పల్లెపల్లెకూ చెప్పాల్సింది మనమే.

హాస్టళ్లలో చదువుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ నాయనమ్మల్ని, అమ్మమ్మల్ని కూర్చోబెట్టి అడగండి. ఏ జబ్బును ఏమని పిలిచారో, దేంతో నయం చేశారో, ఏ కోడిని ఎవరు ఎత్తుకుపోయారో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మాఘమాసం దాటకముందే పల్లెలో కోళ్లు లెక్కేసి, అందరి సంతకాలతో పశువుల ఆసుపత్రికి కాగితం ఇవ్వండి. ఐసుపెట్టె పట్టుకొని మా సందుల్లోకి రమ్మని, ఏ రోజు వస్తారో రాసిమ్మని అడగండి.