మగాళ్లందరినీ దాటి గోల్డ్ కొట్టింది... నెక్స్ట్ ఒలింపిక్స్‌లో ఎంట్రీయే లేదు!

ఇవాళ్టి ఎపిసోడ్ చైనా షూటర్ జాంగ్ షాన్ గురించి.

ముందు ఆట అర్థం చేసుకుందాం. పేరు స్కీట్. రెండు పక్కలా రెండు మెషిన్లు ఉంటాయి, ఒకటి ఎత్తులో, ఒకటి కింద. అవి 11 సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న బిళ్లల్ని గాల్లోకి విసురుతాయి. వీటినే క్లే పిజన్స్ అంటారు. ఒకప్పుడు నిజం పావురాలనే వదిలి కాల్చేవాళ్లు, ఆ పేరే మిగిలిపోయింది. మీరు పిలిచాక బిళ్ల వెంటనే రావచ్చు, మూడు సెకన్ల లోపు ఎప్పుడైనా రావచ్చు. అది కనబడేదాకా గన్ నడుము దగ్గరే ఉండాలి!

ఇప్పుడు 1992, బార్సిలోనాకి వెళ్దాం. అప్పట్లో స్కీట్‌లో ఆడా మగా అందరికీ ఒకటే పోటీ. జాంగ్ షాన్‌కి 24 ఏళ్లు. క్వాలిఫయింగ్‌లో 150కి 150. సెమీఫైనల్లో 50కి 50. అంటే 200 బిళ్లల్లో ఒక్కటి కూడా మిస్ కాలేదు! ఫైనల్లో 25కి 23. మొత్తం 223. పెరూ షూటర్ హువాన్ గిహా, ఇటలీ షూటర్ బ్రూనో రొస్సెట్టి ఇద్దరికీ 222. ఒక్క పాయింట్ తేడా. పోడియం మీద ఆ ఇద్దరే ఆమెని పైకెత్తి పట్టుకున్నారు. ఒలింపిక్స్ షూటింగ్‌లో ఆడా మగా కలిసిన పోటీలో గోల్డ్ గెలిచిన మొదటి మహిళ ఆమే.

మరి 1996 అట్లాంటాలో? స్కీట్ మగవాళ్లకి మాత్రమే! ఆడవాళ్లకి డబుల్ ట్రాప్ పెట్టారు, కానీ అది వేరే ఆట. డిఫెండింగ్ చాంపియన్‌కి తన ఆటలో దిగే దారే లేదు.

నేను ఐటీలో ఉన్నప్పుడు టెస్ట్ ఫెయిలైతే కోడ్ మార్చేవాళ్లం. ఇక్కడ టెస్ట్ పాసైంది, అప్లికేషన్ ఫామ్‌లోంచి ఆమె ఆప్షనే తీసేశారు.

ఆడవాళ్ల స్కీట్ 2000 సిడ్నీలో వచ్చింది. అప్పటికి ఆమెకి 32. ఎనిమిదో స్థానం.

వేరు చేయడం వల్ల లాభమే లేదా అంటే, ఉంది. అమెరికా షూటర్ కిమ్ రోడ్ 1996 నుంచి 2016 దాకా వరసగా ఆరు ఒలింపిక్స్‌లో ఆరు మెడల్స్ కొట్టింది, అన్నీ ఆడవాళ్ల ఈవెంట్లలోనే. తలుపు తెరిచారు, కరెక్టే. కానీ అప్పటికే లోపల ఉన్న మనిషిని ముందు బయటికి పంపారు. 24 నుంచి 32 దాకా ఒక ప్లేయర్‌కి ఎంత విలువైన టైమో మీకు చెప్పక్కర్లేదు.

2024 పారిస్‌లో స్కీట్ మిక్స్‌డ్ టీమ్ వచ్చింది. మన మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరూకా బ్రాంజ్ మ్యాచ్‌లో చైనా మీద 43-44తో ఓడారు. మళ్లీ ఒక్క పాయింటే! కానీ చూడండి, ఇక్కడ ఆడా మగా ఒకే జట్టు. ఎదురెదురుగా నిలబడి ఎవరు బెటరో తేల్చుకునే ఒలింపిక్ స్కీట్ మాత్రం 1992తోనే ఆగిపోయింది.

మళ్లీ అలా పెట్టాలా, వద్దా? కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!